రానివ్వకపోవడమా, వచ్చినాక తీయడమా? ఇంటి కంప్యూటర్లో గూఢచారుల చరిత్ర

చరిత్ర వ్యాసం రాయమంటే మా తరగతిలో చాలామంది కృష్ణగిరి కోట గురించో, విజయనగరం గురించో రాస్తారు. నేను మా అమ్మానాయనలకు పెళ్ళయిన నాటి చరిత్ర రాస్తున్నాను. అది చరిత్ర ఎట్లవుతుందని మా అన్న నవ్వినాడు. తారీఖులున్నాయి, యుద్ధాలున్నాయి, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఉన్నారు. ఇంకేం కావాలి?

స్పైవేర్ అంటే మనకు చెప్పకుండా మన కంప్యూటర్లో చేరి, మనం ఏం చూస్తున్నాం, ఏం టైపు చేస్తున్నాం అని కనిపెట్టి, ఆ సంగతులు ఎక్కడికో పంపే ప్రోగ్రాం. ఫైళ్ళను చెడగొట్టాలని దీనికి ఉండదు. కంప్యూటరు నడుస్తూ ఉంటేనే దీనికి లాభం. ఇంట్లో దూరిన దొంగ సామాను ముట్టకుండా, అటక మీద కూర్చుని మన మాటలు వింటున్నట్టు.

మొదట్లో ఇది ఉచిత ప్రోగ్రాముల వెంట వచ్చేది. 2000 సంవత్సరంలో అమెరికాలో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామరు తన సొంత కంప్యూటర్లోనే ఒక ప్రకటనల ప్రోగ్రాం దాక్కుని ఉండడం చూసి, దాన్ని తీసేయడానికి ఆప్టవుట్ అనే చిన్న ప్రోగ్రాం రాసినాడు. అంతకు ముందే, 1999లో, లావాసాఫ్ట్ వాళ్ళ యాడ్-అవేర్ వచ్చింది. తరువాత జర్మనీ నుంచి పాట్రిక్ కోల్లా రాసిన స్పైబాట్ వచ్చింది. ఇవన్నీ వచ్చినదాన్ని తీసే ప్రోగ్రాములు. అంటే ఈ చరిత్రలో మందు ముందు పుట్టింది, పథ్యం తరువాత వచ్చింది. మనుషుల జబ్బులకూ అంతేనని మా అవ్వ అనేది.

పాటలు పంచుకునే కజా అనే ప్రోగ్రాం ఆ రోజుల్లో లోకమంతా వాడినారు. దాని వెంటనే గేటర్ లాంటి ప్రకటనల ప్రోగ్రాములు కూడా ఎక్కేవి. ఒప్పందం అని పొడుగ్గా ఒక కాగితం తెర మీద కనిపించేది, ఎవరూ చదివేవాళ్ళు కాదు. మా మామ అప్పుడు హోసూరులో ఒక బ్రౌజింగ్ సెంటర్లో పనిచేసేవాడు. పొద్దున షట్టరు తీస్తూనే అన్ని కంప్యూటర్లలో స్కాన్ పెట్టి, టీ తాగి వచ్చేలోపల ఎన్ని దొరికినాయో చూడడమే మొదటి పని అని చెప్పినాడు. సాయంత్రానికి మళ్ళీ అన్నీ వచ్చి కూర్చునేవట.

2004 అక్టోబరులో అమెరికాలో ఏఓఎల్ సంస్థ, నేషనల్ సైబర్ సెక్యూరిటీ అలయన్స్ కలిసి ఇళ్ళకు పోయి కంప్యూటర్లు పరీక్ష చేయించినాయి. నూటికి 80 కంప్యూటర్లలో స్పైవేర్ కనిపించింది. అట్లా కనిపించిన ఇళ్ళవాళ్ళలో నూటికి 89 మందికి అది ఉన్న సంగతే తెలియదు. నాకు ఈ రెండో అంకె ముఖ్యం అనిపిస్తుంది. ఉందని తెలియనివాడు దాన్ని తీయించాలని ఎందుకు అనుకుంటాడు?

తీసేవాళ్ళు ఎంత కష్టపడినారో చెప్పకపోతే అన్యాయం. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అనేది బయలుదేరింది. అది బ్రౌజరు తెరిచినప్పుడు వచ్చే మొదటి పేజీని మార్చేసి, మనం ఎక్కడికి పోవాలన్నా తన దారికే లాక్కుపోయేది. నెదర్లాండ్స్‌లో మెరిన్ బెల్లెకోమ్ అనే విద్యార్థి ఒక్కడే కూర్చుని దాన్ని తీసే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినాడు. కొత్త రూపం వచ్చినప్పుడల్లా ఈయన కొత్త మందు రాయాలి. అటుపక్క డబ్బు కోసం పనిచేసేవాళ్ళు, ఇటుపక్క చదువుకునే పిల్లవాడు. 2004లో ఇంక నా వల్ల కాదని ఆపేసినాడు. నా లెక్కలో ఈ చరిత్రలో వీరుడు ఈయనే, ఓడిపోయినా సరే.

ఇదే సమయంలో ఇంకో మోసం వచ్చింది. స్పైషెరిఫ్ లాంటివి తామే స్పైవేరును తీస్తామని వచ్చి, లేని జబ్బు చూపించి, డబ్బు కట్టమనేవి. వైద్యుడి వేషంలో దొంగ. తీసే పనిని నమ్ముకున్నవాళ్ళకు ఎవరిని నమ్మాలో కూడా తెలియని కాలం అది.

అయితే ఈ రెండు దారుల తేడా అన్నిటికన్నా బాగా తెలిసేది సోనీ బీఎంజీ పాటల సీడీల కథలో. దొంగలు కారు, పెద్ద పేరున్న కంపెనీ. పాటలను ఎవరూ కాపీ చేయకూడదని సీడీల్లో ఒక ప్రోగ్రాం పెట్టింది. సీడీని కంప్యూటర్లో పెట్టి, తెర మీద వచ్చే ఒప్పందానికి సరే అంటే, అది లోపలికి దిగి దాక్కునేది. డాలర్ గుర్తు, ఎస్, వై, ఎస్, మళ్ళీ డాలర్ గుర్తు, ఈ ఐదక్షరాలతో పేరు మొదలయ్యే ఏ ఫైలూ కంటికి కనబడకుండా చేసేది. 2005 అక్టోబరు 31న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటర్లో దాన్ని పట్టుకుని లోకానికి చెప్పినాడు. ఆయన దాన్ని తీసేస్తే సీడీ డ్రైవే మాయమైపోయింది! ఆయన అంతటివాడు కాబట్టి సరిచేసుకున్నాడు. మా నాయన అయితే కొత్త డ్రైవు కొనుక్కుని ఉండేవాడు.

గొడవ పెద్దదై కంపెనీ తీసే ప్రోగ్రాం ఇచ్చింది. ఆ తీసే ప్రోగ్రాం కంప్యూటర్లో ఇంకో పెద్ద కంత వదిలిందని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్‌మన్ కనుక్కున్నారు. వేరే దొంగలు కూడా ఆ ఐదక్షరాల పేరు పెట్టుకుని అదే చాటున దాక్కోవడం మొదలుపెట్టినారు. నవంబరులో కంపెనీ సీడీలను వెనక్కి తీసుకుంది, కోర్టు కేసులు నడిచినాయి.

ఇదే హాల్డర్‌మన్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 2003లో, వేరే కంపెనీ చేసిన ఇట్లాంటి కాపీ కాపలా గురించి ఒక మాట చెప్పి ఉన్నాడు. సీడీ పెట్టేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఆ ప్రోగ్రాం లోపలికే రాదు అని. అంతే, ఒక్క మీట. ఆ మాటకు ఆ కంపెనీ కేసు వేస్తామని బెదిరించి తరువాత వెనక్కి తగ్గింది. సోనీ సీడీకీ ఇది పనిచేసేది. రానివ్వకపోవడానికి ఒక వేలు చాలు, వచ్చినదాన్ని తీయడానికి నిపుణులు, విశ్వవిద్యాలయం, కోర్టులు కావలసివచ్చినాయి.

మా ఇంటి సంగతి కూడా కొంచెం రాయాలి. మా నాయనది గులాబీల వ్యాపారం. లెక్కలు, ఆర్డర్లు, బ్యాంకు పని అన్నీ ఇంట్లో ఒకే కంప్యూటర్లో. రెండేళ్ళ కింద బ్రౌజర్లో ఎవరూ పెట్టని ఒక పట్టీ వచ్చి కూర్చుంది. తీసేస్తే మర్నాడు మళ్ళీ వచ్చేది. రిపేరు అంగడికి ఇస్తే వాళ్ళు మొత్తం తుడిచి కొత్తగా విండోస్ ఎక్కించి ఇచ్చినారు. కంప్యూటరు శుభ్రమైంది. మూడు సీజన్ల పూల ధరల లెక్క పోయింది. మా అవ్వ చనిపోకముందు ఉగాది నాడు తీసిన ఫొటోలు అందులోనే ఉండినాయి. అవి ఇంకెక్కడా లేవు. అమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తదు.

ఇంకొకటి ఎవరూ మాకు చెప్పలేదు, మామ వచ్చి చెప్పినాడు. స్పైవేరును తీసేసినా, అది అంతవరకు బయటికి పంపిన పాస్‌వర్డు వెనక్కి రాదు. వేరే మంచి కంప్యూటర్లో కూర్చుని అన్ని పాస్‌వర్డులూ మార్చాలి. ఆ రాత్రి నాయన, మామ ఫోన్లో బ్యాంకుతో మాట్లాడుతూ చాలాసేపు కూర్చున్నారు. డబ్బు పోలేదు. మార్చకుంటే ఏమయ్యేదో చెప్పలేము.

కంప్యూటర్లు చేసేవాళ్ళకు కూడా ఇది మెల్లగానే అర్థమైంది. విండోస్ ఎక్స్‌పీలో ఇంట్లో వాడే ఖాతాకు మామూలుగానే సర్వాధికారాలు ఉండేవి, ఏది వచ్చినా అడ్డం లేదు. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయడం మొదలైంది. 2006లో విండోస్ డిఫెండర్ వచ్చింది. 2007లో ఇళ్ళకు చేరిన విస్టా, ఏదైనా లోపలికి దిగాలంటే ముందు మనల్ని అడిగేది. మాటిమాటికీ అడుగుతుందని జనం తిట్టుకున్నారు. 2011లో పెన్‌డ్రైవు పెట్టగానే అందులోది దానంతట అదే నడవకుండా పాత విండోసుల్లో కూడా ఆపినారు. మా మామ దృష్టిలో అన్నిటికన్నా మేలు చేసింది ఇదే. ఆయన సెంటరుకు వచ్చిన రోగాల్లో సగం పెన్‌డ్రైవుల మీద వచ్చినవేనట.

తీసేవాళ్ళ పని వృథా కాలేదు. బెల్లెకోమ్ లాంటివాళ్ళు ఒక్కొక్కదాన్ని విప్పి చూసినందువల్లే ఏ తలుపులు మూయాలో తెలిసింది. స్పైబాట్‌లో కూడా చెడ్డ సైట్లను ముందే అడ్డుకునే ఏర్పాటు పెట్టినారు. అయినా నన్ను ఒక పక్షం ఎంచుకోమంటే రానివ్వకపోవడమే అంటాను.

అందులోనూ ఒక చిక్కుంది. కాపలా మనల్ని అడిగే ప్రశ్న మనకు అర్థం కావాలి. మా అమ్మ తెలుగు బాగా చదువుతుంది, తమిళం మాట్లాడుతుంది, ఇంగ్లీషు చదవడం కష్టం. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగితే, పని ఆగకూడదని అవును అనేదాన్నే నొక్కేది. అది ఆమె తప్పు అనడానికి నాకు మనసొప్పదు. పోయిన సెలవుల్లో మామ మా అందరికీ అధికారాలు లేని వేరే ఖాతాలు పెట్టి, అమ్మ ఖాతాలో విండోసును తెలుగులోకి మార్చినాడు. లెక్కలూ ఫొటోలూ ఆదివారం ఆదివారం వేరే హార్డ్‌డిస్కులోకి ఎక్కించే పని నాది. ఆ తెలుగు మాటలు ఇంగ్లీషు కన్నా కష్టంగా ఉన్నాయని నాయన గొణుగుతాడు. అమ్మ మాత్రం ప్రశ్నను పైకి చదివి, "ఇది ఎవరు పంపినార్రా?" అని నన్ను అడిగినాకే నొక్కుతుంది.