చిన్నపిల్లల చిగుళ్ల వాపు: కణాల తీరు, పరిశోధన చరిత్ర

పాలపళ్ల చుట్టూ చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్ తగిలితే నెత్తురు కారే స్థితి చిన్నపిల్లల చిగుళ్ల వాపు. పంటి మొదట్లో పేరుకునే పాచిలోని బ్యాక్టీరియా దీనికి మూలం. పెద్దల్లోనూ కారణం ఇదే. అయితే వాచిన చిగురులోకి చేరే తెల్లరక్తకణాల తీరు పిల్లల్లో వేరు, పెద్దల్లో వేరు.

పాచికీ వాపుకూ ఉన్న సంబంధాన్ని 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె బృందం రుజువు చేసింది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు తోముకోవడం మానేయగా 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వాపు తగ్గిపోయింది. 1976లో రాయ్ పేజ్, హ్యూబర్ట్ ష్రోడర్ ఈ వాపు ముదిరే క్రమాన్ని నాలుగు దశలుగా వివరించారు. మొదట న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు రక్తనాళాల నుంచి చిగురులోకి వస్తాయి. తరువాత లింఫోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలు గుమిగూడతాయి. మూడో దశలో యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు ఎక్కువవుతాయి. నాలుగో దశలో పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది.

పిల్లల వాపు చాలావరకు రెండో దశ దగ్గరే ఆగుతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. 1977లో లాంగ్‌హర్స్ట్, జాన్సన్, హాప్స్ పిల్లల, పెద్దల చిగుళ్లను పోల్చి చూశారు. పిల్లల్లో లింఫోసైట్లే అధికంగా, ప్లాస్మా కణాలు తక్కువగా కనిపించాయి. 1978లో స్వీడన్‌కు చెందిన లార్స్ మాట్సన్ బడి ఈడు రాని పిల్లల్లోనూ యువతీయువకుల్లోనూ మూడు వారాలు పాచి పేరుకోనిచ్చి పరిశీలించాడు. పిల్లల్లో వాపు చాలా స్వల్పం. 1981లో ఆస్ట్రేలియాలో గ్రెగరీ సేమూర్ బృందం పిల్లల చిగుళ్లలోని లింఫోసైట్లలో టి కణాలదే ఆధిక్యమని గుర్తించింది. టి కణాల వాపు నిలకడగా ఉంటుందనీ, మరో రకం లింఫోసైట్లైన బి కణాలు, ప్లాస్మా కణాలు పెరిగాకే జబ్బు ఎముకదాకా పాకుతుందనీ సేమూర్ 1979లోనే ప్రతిపాదించాడు.

వయసుతోపాటు వాపు తీవ్రత పెరిగి, యుక్తవయసు మొదట్లో హార్మోన్ల ప్రభావంతో మరింత ఎక్కువవుతుంది. అయినా పాచిని రోజూ శుభ్రంగా తొలగిస్తే పిల్లల చిగుళ్లు పూర్తిగా కోలుకుంటాయి. పాలపళ్లు వయసుకు ముందే కదిలినా, ఊడినా అది మామూలు చిగుళ్ల వాపు కాదు. న్యూట్రోఫిల్ కణాల లోపం, హైపోఫాస్ఫటేషియా వంటి జబ్బులు ఉన్నాయేమో వైద్యులతో తప్పక పరీక్ష చేయించాలి.