మంజప్పై

మంజప్పై తమిళనాడులో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పసుపు రంగు నూలు చేతిసంచి. తమిళంలో ‘మంజళ్’ అంటే పసుపు, ‘పై’ అంటే సంచి. పెళ్ళి తాంబూలం నుంచి సంతలో కూరగాయల దాకా అన్నీ మోసిన ఈ సంచి, ప్లాస్టిక్ కవర్లు చవకగా దొరకడంతో మూలపడింది. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ (మళ్ళీ పసుపు సంచి) కార్యక్రమాన్ని మొదలుపెట్టిన తరువాత ఇది పర్యావరణ స్పృహకు, ప్రాంతీయ సంస్కృతికి గుర్తుగా తిరిగి జనం చేతికి వస్తోంది.

స్వరూపం, తయారీ

ముతక నూలు గుడ్డను మడిచి రెండు పక్కలా కుట్టి, పై అంచు మడత పెట్టి, అదే గుడ్డతో రెండు పిడులు వేస్తే మంజప్పై తయారవుతుంది. లోపల అస్తరు గాని, జిప్పు గాని ఉండవు. ఖాళీ సంచిని మడిస్తే చొక్కా జేబులో పడుతుంది. బరువంతా పిడి అతికిన చోటే పడుతుంది కాబట్టి మంచి పనివాళ్ళు అక్కడ నలుపలకలుగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు అడ్డకుట్లు వేస్తారు. ఆ కుట్టు లేని సంచి నాలుగు కొబ్బరికాయలు వేస్తే ముందు అక్కడే తెగుతుంది.

ఇంట్లో వాడే పసుపుతోనూ గుడ్డకు రంగు వేయవచ్చు. అయితే ఆ రంగు ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. అందువల్ల బజారు సంచులకు రసాయన రంగులు వాడతారు. అద్దకం నీటిని శుద్ధి చేయకుండా వదిలితే నష్టమెంతో తమిళనాడుకు అనుభవమే. తిరుప్పూరు అద్దకం యూనిట్ల వ్యర్థజలాలతో నొయ్యల్ నది పాడైపోగా, 2011లో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లను మూసివేయమని ఆదేశించింది. పర్యావరణం కోసం సంచి కుట్టేవారు రంగు సంగతి కూడా పట్టించుకోవాలి. కొందరు తయారీదారులు రంగు వేయని కోరా గుడ్డనే వాడటానికి కారణం ఇదే.

సామాజిక జీవనంలో స్థానం

పసుపు శుభసూచకం కావడంతో ఈ సంచి పెళ్ళిళ్ళలో తాంబూలం సంచిగా స్థిరపడింది. వచ్చిన బంధువులకు కొబ్బరికాయ, తమలపాకులు, వక్కలు ఇందులో వేసి ఇస్తారు. సంచి మీద దేవుడి బొమ్మ, వధూవరుల పేర్లు, పెళ్ళి తేదీ, మండపం పేరు అచ్చు వేయిస్తారు. పెళ్ళయిన ఏళ్ళ తరువాత కూడా ఆ పేర్లు బజారుకు వెళ్ళి వస్తూనే ఉంటాయి. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు తమ పేరు ముద్రించి ఇచ్చేవి కూడా ఇవే సంచులు.

నగరాల్లో ప్లాస్టిక్ కవరు మోజు పెరిగాక, పసుపు సంచి పట్టుకున్నవాడిని పల్లెటూరివాడిగా చూసే చిన్నచూపు మొదలైంది. పల్లె నుంచి చెన్నైకి వచ్చిన తాత కథతో 2014లో విడుదలైన తమిళ చిత్రానికి ‘మంజప్పై’ అనే పేరు పెట్టడం ఈ ముద్ర ఎంత బలమైనదో చెబుతుంది.

పునరుద్ధరణ

తమిళనాడులో 14 రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం 2019 జనవరి 1న అమల్లోకి వచ్చింది. నిషేధించిన వస్తువుకు బదులు ఏం వాడాలో చూపడానికి ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ 2021 డిసెంబరు 23న చెన్నైలో ‘మీండుం మంజప్పై’ని ప్రారంభించారు. 2022లో కోయంబేడు మార్కెట్‌లో 10 రూపాయలకు గుడ్డసంచి ఇచ్చే యంత్రాన్ని ఏర్పాటు చేశారు. ఆ తరువాత ఇలాంటి యంత్రాలు మరికొన్ని రద్దీ ప్రదేశాలకూ వచ్చాయి. ప్లాస్టిక్‌ను విజయవంతంగా మానిన పాఠశాలలకు, కళాశాలలకు, వ్యాపార సంస్థలకు మంజప్పై పురస్కారాలు ఇస్తున్నారు. మదురైలోని ‘ది ఎల్లో బ్యాగ్’ వంటి సంస్థలు మహిళలకు కుట్టుపని కల్పిస్తూ ఈ సంచులను తయారు చేయిస్తున్నాయి.

ఫ్యాషన్‌గా మంజప్పై

నేడు పట్టణ యువత పసుపు సంచిని భుజాన వేసుకుని తిరగడానికి వెనుకాడటం లేదు. పొడవాటి పిడులు, తమిళ అక్షరాలు, కొత్త బొమ్మలు దీనికి కొత్త రూపం ఇస్తున్నాయి. మన సాదా సంచులకు విదేశాల్లో పలుకుతున్న ధర కూడా చర్చకు వస్తోంది. ఉత్తర భారతంలో దుకాణాలు ఊరికే ఇచ్చే హిందీ అక్షరాల జోలె లాంటి సంచి 2025లో ఒక అమెరికా దుకాణంలో 48 డాలర్లకు అమ్మకానికి కనిపించింది. రూపం అంత ధర పలికినా, దాన్ని పుట్టించిన చోట కుట్టేవారి కూలి పెరగకపోతే అది సంస్కృతికి దక్కిన గౌరవం కాదు.

పర్యావరణ లెక్క

గుడ్డసంచి కేవలం గుడ్డ కావడం వల్ల మేలు చేయదు. పత్తి సాగుకు నీరు, ఎరువులు, పురుగుమందులు కావాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011 నివేదిక ప్రకారం, ఒకేసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే వాతావరణానికి తక్కువ హాని చేయాలంటే నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. వారానికి రెండుసార్లు బజారుకు తీసుకెళ్ళినా ఏడాదిన్నర దాటకుండానే ఆ లెక్క తీరుతుంది. ప్రతి సభలోనూ కొత్త సంచి పంచి, అవి అల్మారాల్లో పడి ఉంటే ఎన్నటికీ తీరదు.

నాన్‌వోవెన్ సంచులు మరో చిక్కు. చూడటానికి గుడ్డలా ఉన్నా అవి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. అంచు దగ్గర లాగి చూస్తే నేత గుడ్డ నుంచి పడుగు, పేక దారాలు విడివిడిగా వస్తాయి. నాన్‌వోవెన్‌లో నేత ఉండదు, చిన్న చిన్న చుక్కల అచ్చు కనిపిస్తుంది.

తెలుగు నాట

తెలుగు పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ తాంబూలం సంచి ఇచ్చే ఆచారం ఉంది. ఇటీవల ఆ స్థానాన్ని మెరిసే సింథటిక్ సంచులు ఆక్రమిస్తున్నాయి. వాటికి బదులు గట్టి నూలు సంచి ఇవ్వడానికి కొత్త సంప్రదాయమేమీ అవసరం లేదు, ఉన్నదాన్ని నిలుపుకుంటే చాలు. అతిథి ఆ సంచిని మరునాడు కూరగాయలకు పట్టుకెళ్ళేంత గట్టిగా, సాదాగా ఉండటమే దానికి కావలసిన అర్హత.