ఖుర్ఆన్ అందరిదీ, మరి అనువాదం ఎవరిది?

సవాబ్ వస్తుందన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది ధార్మిక పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో పంపుతుంటారు. పిల్లల కోచింగ్ మెటీరియల్ కూడా ఇలాగే చేతులు మారుతుంది. కానీ ప్రతి పుస్తకం వెనక ఒకరి కష్టం ఉంది. బుద్ధితో చేసిన ఆ కష్టంపై మనిషికుండే హక్కునే మేధోసంపత్తి హక్కు అంటారు.

ఇందులో ముఖ్యమైనవి మూడు:

కాపీరైట్: పుస్తకాలు, ఫొటోలు, పాటలు, సాఫ్ట్‌వేర్ వంటివాటికి. 1957 నాటి చట్టం ప్రకారం పుస్తకంపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

పేటెంట్: కొత్త ఆవిష్కరణలకు, 20 ఏళ్లు.

ట్రేడ్‌మార్క్: వ్యాపార పేరు, గుర్తులకు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు, మళ్లీ మళ్లీ రెన్యూవల్ చేసుకోవచ్చు.

ఖుర్ఆన్ అరబీ మూలం ఎవరి సొత్తూ కాదు. కానీ ఈ కాలంలో ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన తెలుగు అనువాదంపై హక్కు అనువాదకుడిదో, ఆయన రాసిచ్చిన ప్రచురణకర్తదో అవుతుంది.

మరి షరీఅత్ ఏమంటోంది? ఓఐసీకి చెందిన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, రచన, ఆవిష్కరణ, వ్యాపార గుర్తులపై హక్కులు షరీఅత్ రక్షణ ఉన్నవేనని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. అంటే ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మనుషుల హక్కుల విషయం. నియ్యత్ మంచిదైనంత మాత్రాన ఎదుటివారి హక్కు మాఫీ కాదు.

అలాగని అన్నీ నిషేధం కాదు. సొంత చదువుకు, పరిశోధనకు, సమీక్షకు కొంత భాగం వాడుకోవడానికి చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. బోధన కోసం పాఠ్యభాగాల జిరాక్స్‌ను 2016లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. పుస్తకం మొత్తం కాపీ చేసి అమ్ముకోవడం మాత్రం వేరు. తెలిసి చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా పడవచ్చు.

పేరు తీసేసి పంచడం మరో తప్పు. హక్కులు అమ్మేసినా, ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకు పోదు. మాట ఎవరి నుంచి వచ్చిందో చెప్పే సనద్‌కు హదీసు విద్యలో ఎంత విలువుందో మనకు తెలిసిందే. వ్యాసం, బయాన్, ఫొటో ఏదైనా సరే, అసలు పేరుతోనే పంచాలి.

ఫార్వర్డ్ చేసేముందు పుస్తకం మొదటి పేజీలు చూడండి. ఉచిత పంపిణీకి అనుమతి అని ఉంటే నిశ్చింతగా పంపండి. లేకపోతే ప్రచురణకర్తను అడగండి, లేదా ఒక ప్రతి కొని కానుకగా ఇవ్వండి. రాసినవారి కష్టానికి ఫలితం దక్కితేనే తెలుగులో మరో పుస్తకం వస్తుంది.