పసుపు కల్లం మీద ఒక డిగ్రీ

మొన్న మార్చిలో నందిపేట్ పోయినప్పటి ముచ్చట ఇది. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిన రోజులు. సాయంత్రం ఆకాశం నల్లబడింది. బాపు టార్పాలిన్లు తీస్తుంటే, నేను ఫోన్‌లో రాడార్ బొమ్మ తెరిచి "ఎర్ర మచ్చ పక్కూరి మీదుంది బాపూ, మన మీదికి రాదు" అని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ హోదాలో తీర్పు చెప్పేశా. పావుగంటలో వాన దంచికొట్టింది. సగం కొమ్ములు తడిసినయి. తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర పోతుంది. బాపు ఒక్కటే మాటన్నాడు: "రాదంటివి గదరా!" తిట్టినా బాగుండేది.

తప్పు రాడార్‌ది కాదు, చదివిన నాది. మచ్చ అంచును సుద్దముక్కతో గీసిన గీత అనుకున్నా. హైదరాబాద్ నుంచి మా ఊరు గాలిదారిన సుమారు 160 కి.మీ. వానల్ని చూసే ఎస్-బ్యాండ్ రాడార్ కిరణం వెడల్పు దాదాపు 1 డిగ్రీ. 160 కి.మీ. వెళ్ళేసరికి అది 2.8 కి.మీ. అవుతుంది. ఆ వెడల్పులో ఉన్నదంతా రాడార్‌కి ఒకటే చుక్క. చీపురుతో ముగ్గు వేసినట్టన్నమాట. పైగా భూమి గుండ్రం. అర డిగ్రీ ఎత్తి పంపిన కిరణం మా ఊరు చేరేసరికి నేలకు దాదాపు 3 కి.మీ. పైన ఉంటుంది.

రాడార్ దూరాన్ని బాగానే కొలుస్తుంది, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తే చాలు. తడబాటంతా దిక్కు దగ్గరే. ఆ తడబాటును దిద్దుకుంటూ వచ్చిన కథ నాకు మహా ఇష్టం.

సూత్రం చిన్నదే. తరంగం పొడవును యాంటెనా వెడల్పుతో భాగిస్తే కిరణం ఎంత లావో సుమారుగా తెలుస్తుంది. సన్నబడాలంటే తరంగం పొట్టిదవ్వాలి, లేదా యాంటెనా పెద్దదవ్వాలి. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో బ్రిటన్ కాపలా రాడార్లవి 10 మీటర్లు దాటిన తరంగాలు. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే ఇద్దరు క్యావిటీ మాగ్నెట్రాన్ పని చేయించి దాన్ని 10 సెం.మీ. దాకా దించారు. అదే దారిలో 1970లో మన విశాఖపట్నంలో దేశంలోనే మొదటి తుఫాను రాడార్ వచ్చింది.

మరి పొట్టి తరంగం పనికిరాని చోట? తిరుపతి దగ్గర గాదంకి చూడండి. అక్కడ చూడాల్సింది వాన చినుకుల్ని కాదు, మేఘం లేని గాలిలోని సుడుల్ని. అందుకు 53 మెగాహెర్ట్‌జ్ కావాలి, అంటే తరంగం 5.66 మీటర్లు. 3 డిగ్రీల కిరణం కావాలన్నా 130 మీటర్ల యాంటెనా ఉండాలి. అంత పళ్ళాన్ని ఎవడు తిప్పుతాడు? :-) అందుకే 1990ల మొదట్లో 130 మీటర్ల చదరంలో, వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 యాగీ యాంటెనాలు పాతారు. ఏదీ కదలదు. బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ ఒకేసారి చప్పట్లు కొడితే ఒకటే పెద్ద చప్పుడు వస్తుంది గదా, అలాగే అన్నీ లయలో పలికితే ఒక కిరణం. ఒక్కో వరసకు లయ కొంచెం జరిపితే కిరణం పక్కకు ఒరుగుతుంది. అంటే తల తిప్పే పని మోటారు నుంచి లెక్కలోకి వచ్చేసింది.

ఇంకో ఉపాయం 1951లో అమెరికాలో కార్ల్ వైలీకి తట్టింది. పెద్ద యాంటెనా లేకపోతే చిన్నదాన్నే కదిలిస్తూ, దారిపొడుగునా వచ్చిన ప్రతిధ్వనుల్ని కలిపేస్తే? 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ చేసేది ఇదే. 747 కి.మీ. ఎత్తు, 12 మీటర్ల యాంటెనా, 24 సెం.మీ. తరంగం. మామూలు లెక్కన నేల మీద చుక్క సుమారు 15 కి.మీ. ఉండాలి. ఈ ఉపాయంతో అది 10 మీటర్ల లోపుకొస్తుంది! కానీ అదే చోటును మళ్ళీ చూడటానికి 12 రోజులు పడుతుంది. వాన అన్ని రోజులు ఆగదు కదా.

"ఇదంతా ఎందుకు, సాఫ్ట్‌వేర్‌తో సన్నగా చేసెయ్యొచ్చుగా?" అని మావాళ్ళే అడుగుతారు. కొంతవరకు చెయ్యొచ్చు. 1969లో కాపాన్, తర్వాత ష్మిట్ 'మ్యూజిక్' పద్ధతి, ఈ దారిలో పెద్ద అడుగులు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన కె.వి.ఎస్. హరి, భాస్కర్ రావుతో కలిసి 1989లో దాని తమ్ముడు 'రూట్-మ్యూజిక్' ఎంత కచ్చితమో లెక్కగట్టారు. కానీ ఇవన్నీ ఎన్నో యాంటెనాల నుంచి విడివిడిగా సమాచారం వస్తేనే. ఒకే పళ్ళెం తిరిగే రాడార్‌లో, పక్కపక్క చూపులు ఒకదాని మీదొకటి పడతాయి కాబట్టి, ఆ కలగలుపును లెక్కతో విడదీయవచ్చు. అయితే గట్టిగా విడదీసే కొద్దీ రొద కూడా పెరుగుతుంది. చివరికి లేని మేఘం కూడా అందంగా కనబడుతుంది. పైగా 3 కి.మీ. కింద చూడనిదాన్ని ఏ అల్గారిథమూ చూపించలేదు.

అందుకే నా అభిప్రాయం: రైతుకు కావాల్సింది సన్నటి చూపు కన్నా దగ్గరి చూపు. అదే 1 డిగ్రీ కిరణం 30 కి.మీ. దూరంలో అర కిలోమీటరే, ఎత్తు 300 మీటర్లే. 2006లో అమెరికాలోని ఓక్లహోమాలో నాలుగు చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్లను సుమారు 30 కి.మీ. ఎడంతో పెట్టి చేసింది ఇదే. పొట్టి తరంగం పెద్ద వానలో త్వరగా అలిసిపోతుంది నిజమే, కానీ ఒకటి అలిసిన చోట పక్కది చూస్తుంది. ఆర్మూర్, నందిపేట్ వైపు అట్లాంటిది ఒకటుంటే ఎన్ని కల్లాలు పొడిగా మిగిలేవో!

అది వచ్చేదాకా నా పద్ధతి మార్చుకున్నా. బాపు టార్పాలిన్ తీస్తే, ఫోన్ జేబులో పెట్టి రెండో కొస పట్టుకుంటున్నా.