గొట్టం ఊడినప్పుడు ఏమవుతుంది? గాలి ఫిట్టింగుల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సంపీడిత గాలి పారిశ్రామిక శక్తిగా ఎలా మారిందో వివరించగలుగుతారు.
• మరలకు ప్రమాణాలు ఎందుకు అవసరమయ్యాయో తెలుపగలుగుతారు.
• గాలితో పనిచేసే ఫ్లోరింగ్ స్టేప్లర్‌కు ఫిట్టింగును కారణాలతో ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

రైల్వే స్టేషనులో రెండు బోగీల మధ్య వేలాడే రబ్బరు గొట్టాలను మీరు చూసే ఉంటారు. ఆ గొట్టాల కొనలు కలిసే చోట ఉన్న లోహపు జోడింపును మనం పెద్దగా పట్టించుకోం. సాంకేతిక చరిత్ర కూడా యంత్రాల గురించి చెప్పినంతగా జోడింపుల గురించి చెప్పదు. కాని గొట్టం ఊడినప్పుడు యంత్రం సురక్షితంగా ఆగుతుందా, ప్రమాదం తెస్తుందా అన్నది ఆ జోడింపును ఎలా అమర్చారన్న దానిపైనా ఆధారపడుతుంది. దీన్ని ఒక చిన్న పరికరం ద్వారా పరిశీలిద్దాం.

అమెరికాలో చాలా ఇళ్లకు ఓక్, మేపుల్ వంటి గట్టి చెక్క పలకలతో నేల వేస్తారు. పలక అంచున ఫ్లోరింగ్ స్టేప్లర్‌ను ఆనించి, పైన సుత్తితో కొడతారు. లోపలి గాలి ఒత్తిడి స్టేపుల్‌ను ఏటవాలుగా చెక్కలోకి దింపుతుంది. ఆ గాలి కంప్రెసర్ నుంచి గొట్టం ద్వారా వస్తుంది.

2. సొరంగం నుంచి రైలు బ్రేకు వరకు

ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల కింద మాంట్ సెనిస్ సొరంగం పని 1857లో మొదలైంది. ఆవిరి యంత్రాన్ని సొరంగం లోపల నడిపితే పొగతో ఊపిరాడదు. అందుకే జెర్మెయిన్ సొమ్మెయ్యే గాలితో పనిచేసే డ్రిల్లులను రూపొందించాడు. వాటిని 1861లో పనిలోకి దించారు. డ్రిల్లు నుంచి వెలువడే గాలి కార్మికులకు ఊపిరి పీల్చుకోవడానికీ పనికివచ్చింది. 1870 డిసెంబరులో రెండు వైపుల తవ్వకాలూ కలిశాయి.

ఈ పని గురించి చదివిన అమెరికన్ జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలితో రైలును ఆపవచ్చని భావించి, 1869లో ఎయిర్ బ్రేకుకు పేటెంటు పొందాడు. అయితే ఆ తొలి నమూనాలో ఒక పెద్ద లోపం ఉండేది. ఇంజను నుంచి గాలి పంపితేనే బ్రేకు పడేది. కాబట్టి బోగీలు విడిపోయి గొట్టం ఊడితే, బ్రేకు అత్యవసరమైన సమయంలోనే అది పనిచేయకుండా పోయేది.

1872 నాటి కొత్త విధానంలో ఆయన ఈ తర్కాన్ని తిరగేశాడు. ప్రతి బోగీకి ఒక గాలి ట్యాంకు అమర్చి, పైపులో ఒత్తిడి తగ్గగానే ట్యాంకులోని గాలి బ్రేకు వేసేలా చేశాడు. గొట్టం ఊడితే రైలు దానంతటదే ఆగుతుంది. 1893లో అమెరికా ప్రభుత్వం రైళ్లకు ఇటువంటి బ్రేకులను చట్టం ద్వారా తప్పనిసరి చేసింది.

3. మరలకు ప్రమాణాలు

జోడింపు గాలి చొరబడకుండా ఉండాలంటే రెండు వైపుల మరలూ ఒకే కొలతలో ఉండాలి. బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. ఈ తేడా పైపు మరలలో నేటికీ ఉంది. పావు అంగుళం ఫిట్టింగులో బ్రిటిష్ పైపు మరకు (బి.ఎస్.పి.) అంగుళానికి 19 చుట్లు, అమెరికన్ పైపు మరకు (ఎన్.పి.టి.) 18 చుట్లు ఉంటాయి. ఒకదాన్ని మరొకదానిలో తిప్పితే మొదట ఎక్కినట్టే ఉండి, తరువాత బిగుసుకుపోతుంది, గాలి కారుతుంది. మన దేశంలో బి.ఎస్.పి. మరలు విరివిగా వాడుకలో ఉన్నాయి కనుక అమెరికా నుంచి తెచ్చిన పరికరానికి ఫిట్టింగు కొనే ముందు దీన్ని చూసుకోవాలి.

4. స్టేప్లర్‌కు ఫిట్టింగు ఎంపిక

మొదట మర రకాన్ని సరిచూడండి. తరువాత ప్లగ్గు, కప్లర్ ఒకే కుటుంబానికి చెందినవేనా అని చూడండి. అమెరికాలో ఇండస్ట్రియల్, ఆటోమోటివ్, ఆరో అనే రకాలు చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదానితో ఒకటి సరిగా కుదరవు. రంధ్రం మరీ ఇరుకైతే గాలి చాలక స్టేపుల్ పూర్తిగా దిగదు.

మూడవ నియమం అన్నిటికంటే ముఖ్యమైనది. వాల్వు లేని ప్లగ్గు పరికరానికి ఉండాలి. వాల్వు ఉన్న కప్లర్ గొట్టానికి ఉండాలి. అప్పుడు గొట్టం తీయగానే పరికరంలోని గాలి బయటకు పోతుంది, గొట్టంలోని గాలి ఆగుతుంది. ఇవి తారుమారైతే పరికరంలో గాలి బంధించబడి ఉంటుంది. గొట్టం తీశాం కదా అని ఇరుక్కున్న స్టేపుల్‌ను వేలితో లాగేవారికి అది గాయం చేయవచ్చు. వెస్టింగ్‌హౌస్ రైలు విషయంలో ఎదుర్కొన్న ప్రశ్నే ఇక్కడా ఎదురవుతుంది: జోడింపు విడిపోయాక యంత్రం ఏ స్థితిలో ఉండాలి?

5. సారాంశం

సంపీడిత గాలి సొరంగాల నుంచి రైళ్లకు, అక్కడి నుంచి చేతి పరికరాలకు విస్తరించింది. మరల ప్రమాణాలు జోడింపును గట్టిపరిచాయి. జోడింపు ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుందని ముందే ఊహించి చేసిన రూపకల్పన మనుషుల ప్రాణాలను కాపాడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1869, 1872 నాటి ఎయిర్ బ్రేకుల మధ్య గల ముఖ్య భేదం ఏమిటి?
2. పావు అంగుళం బి.ఎస్.పి., ఎన్.పి.టి. మరలు ఎందుకు కుదరవు?
3. స్టేప్లర్‌కు వాల్వు ఉన్న కప్లర్‌ను ఎందుకు బిగించకూడదు?