ఆర్ గ్రాఫుల పీడీఎఫ్‌లో తెలుగు పేర్లు చుక్కలు కాకుండా ఉండాలంటే

ఆర్ భాషలో గ్రాఫు గీసి పీడీఎఫ్‌గా పంపడం మనలో చాలామందికి రోజువారీ ఆఫీసు పనే. ఆ గ్రాఫు మీద తెలుగులో నాలుగు మాటలు రాయాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. నేను అమెరికాలో డేటా అనలిస్టుగా పనిచేస్తూ, వారాంతాల్లో మా ఊరి తెలుగు బడికి హాజరు గ్రాఫులు తయారుచేస్తుంటాను. అవి ఇక్కడి తల్లిదండ్రులకే కాక, ఇండియాలో ఉన్న తాతయ్యల, అమ్మమ్మల వాట్సాప్‌కూ వెళతాయి. ఇంగ్లీషు చదవలేని పెద్దావిడ మనవరాలి పేరు వెతుక్కుంటే అక్కడ చుక్కలు కనిపించకూడదు కదా! అందుకే ఈ పనికి కావలసిన సంగతులన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా వరుస. పీడీఎఫ్ అనే ఫంక్షన్‌తో ఫైలు తెరవాలి, గ్రాఫు గీయాలి, మాటలు చేర్చాలి, చివర డెవ్.ఆఫ్‌తో మూయాలి. మూసేశాక ఆర్ నుంచి ఆ పేజీ మీద ఇంకేమీ రాయలేం. మూయడం మరిచిపోతే ఫైలు సరిగా తెరుచుకోదు. కాగితం కొలతలు అంగుళాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 7 అంగుళాల చదరం వస్తుంది. ఇక్కడి లెటర్ కాగితం 8.5 × 11 అంగుళాలు, ఇండియాలో వాడే ఏ4 సుమారు 8.27 × 11.69. ప్రింటు ఎక్కడ తీస్తారో చూసుకుని కొలత ఇవ్వండి.

గ్రాఫు లోపల రాయడానికి టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ఎక్స్, వై విలువలు, రాయాల్సిన మాట ఇవ్వాలి. ఆ విలువలు కాగితం కొలతలు కావు, గ్రాఫు అక్షాల మీది అంకెలు. పోస్ అనే చోట 1 ఇస్తే మాట బిందువుకు కింద, 2 ఇస్తే ఎడమన, 3 ఇస్తే పైన, 4 ఇస్తే కుడిన పడుతుంది. అక్షరాల సైజుకు సీఈఎక్స్, వాలుగా తిప్పడానికి ఎస్‌ఆర్‌టీ వాడాలి.

బార్ గ్రాఫులో ఒక సౌకర్యం ఉంది. బార్‌ప్లాట్ ఫంక్షన్ ప్రతి కడ్డీ మధ్యబిందువునూ తిరిగి ఇస్తుంది. దాన్ని దాచుకుని టెక్స్ట్‌కు ఎక్స్‌గా ఇస్తే, అంకె సరిగ్గా కడ్డీ నెత్తిన కూర్చుంటుంది. వైలిమ్ కాస్త పెంచితే పైన తెగిపోదు.

అంచుల్లో రాయడానికి ఎంటెక్స్ట్ వాడాలి. దిక్కుల అంకెలు ఇక్కడా అవే: 1 కింద, 2 ఎడమ, 3 పైన, 4 కుడి. టెక్స్ట్‌తో రాసిన మాట గీత దాటి తెగిపోతుంటే ఎక్స్‌పీడీ విలువను ట్రూ చేయండి.

ఇక అసలు సమస్య. పైదంతా ఇంగ్లీషు మాటలతో చక్కగా నడుస్తుంది. తెలుగు ఇవ్వగానే హెచ్చరికలు వచ్చి, అక్షరాల చోట చుక్కలు పడతాయి. తప్పు మీ డేటాది కాదు. మామూలు పీడీఎఫ్ ఫంక్షన్ హెల్వెటికా వంటి పాతకాలపు ఫాంట్లను, అక్షరానికి ఒక్క బైటు చొప్పున ఉండే పట్టికలను నమ్ముకుని పనిచేస్తుంది. ఆ పట్టికల్లో తెలుగు లేదు. పైగా అది ఫాంటును ఫైల్లో పొదగదు.

దీనికి విరుగుడు కైరో_పీడీఎఫ్ అనే మరో ఫంక్షన్. లినక్స్‌లో ఇది ప్యాంగో సాయంతో ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చుతుంది. వాడిన అక్షరాల ఫాంటును కూడా ఫైల్లోనే పొదుగుతుంది. కాబట్టి అవతలివాళ్ల ఫోన్లో ఆ ఫాంటు లేకపోయినా ఇబ్బంది లేదు. ఫ్యామిలీ అనే చోట నోటో సాన్స్ తెలుగు వంటి, మీ కంప్యూటర్లో ఉన్న ఫాంటు పేరు ఇవ్వండి. మ్యాక్‌లో అయితే ఎక్స్‌క్వార్ట్జ్ కూడా ఉండాలి. మిగతా వరుస అంతా అదే: తెరవడం, గీయడం, రాయడం, మూయడం.

జీజీప్లాట్2 వాడేవారు జీజీసేవ్‌లో డివైస్ అన్నచోట కైరో_పీడీఎఫ్ అని ఇస్తే చాలు. ఫర్ లూప్ లోపల గ్రాఫులు గీస్తుంటే ప్రతిదానికీ ప్రింట్ అని రాయాలి. లేకపోతే పేజీలు రావు.

కొందరు విసిగిపోయి గ్రాఫును బొమ్మగా మార్చి పంపేస్తారు. పెద్దది చేసి చూస్తే ఆ బొమ్మలో అక్షరాలు మసకబారతాయి. వయసు మళ్లినవారు వేళ్లతో పెద్దది చేసుకునే చదువుతారు. కైరో పీడీఎఫ్‌లో ఎంత పెద్దది చేసినా అక్షరం అంచు చెదరదు.

పంపేముందు నేను ఒక పరీక్ష చేస్తాను. లక్ష్మి, కృష్ణ, ఐశ్వర్య వంటి ఒత్తులున్న పేర్లు నాలుగు ఒక పేజీలో రాసి, ఆ ఫైలును ఫోన్లో తెరుస్తాను. ఆ నాలుగూ కుదురుగా కనిపిస్తేనే మిగతా జాబితా మొదలుపెడతాను.