నాలందా ద్వారమున

పట్టభద్రుఁడైన కుమారుని పైచదువునకుఁ బంపవలెనా, వలదా యను చర్చ నేఁడు పల్లెపల్లెను వినఁబడుచున్నది. దీనికి నాకుఁ దోఁచిన యుత్తరము నాలందా చరిత్రమున నున్నది.

క్రీ. శ. 629 ప్రాంతమున హ్యూయన్‌త్సాంగు చీనాదేశమునుండి బయలుదేఱెను. అప్పటికే యాతఁడు స్వదేశమునఁ బేరొందిన పండితుఁడు. అయినను శాస్త్రార్థములయందు గురువులు భిన్నాభిప్రాయులగుటయు, అనువాదము లొకదానితో నొకటి పొసఁగకుండుటయుఁ జూచి, మూలగ్రంథములు చదివి సందేహము దీర్చుకొనఁ దలఁచెను.

నాలందా ద్వారముకడ నడుగు ప్రశ్నలకు బదులీయలేక పదుగురిలో నేడెనమండుగురు వెనుదిరుగుచుండిరని యాతఁడే వ్రాసినాఁడు. లోపలఁ జేరి, వృద్ధుఁడైన శీలభద్రాచార్యునికడ యోగాచారభూమిశాస్త్రమును ముమ్మాఱు వినెను. తొలి పాఠమునకే 15 మాసములు పట్టెను. పిదప మన కృష్ణాతీరమందలి ధాన్యకటకమునఁ గొన్ని మాసములు నిలిచి, యిద్దఱు భిక్షువులకడ మహాసాంఘికుల యభిధర్మమును జదివెను. తాను నేర్చినది వారికిఁ జెప్పెను. 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరి, 664లో మరణించువఱకు ననువాదమునందే నిమగ్నుఁడై యుండెను.

కావున, అయ్యలారా! రెండెకరములు తాకట్టు పెట్టుటకు ముందు బాలుని, “నాయనా, నీవు తీర్చుకొనఁగోరు సందేహమేది?” యని యడుగుఁడు. బదులు చెప్పెనేని సంతోషముతోఁ బంపుఁడు. చెప్పలేఁడేని యొక యేఁడాగుట మేలు. పోయినవాఁడు మాత్రము విన్న పాఠమునే మరల వినుటకు సిగ్గుపడరాదు. నేర్చినది తనలోనే దాఁచుకొనరాదు.